అగ్నిపర్వతం దగ్గరికి ఎనిమిదేసి మందిమే వెళదాం



రీయూనియన్ యాత్ర ముసాయిదా మొన్న గ్రూపులో పెట్టారు. 48 మంది, ఒక పెద్ద బస్సు, ఆరు రోజులు. చూసినవాళ్ళంతా చప్పట్ల బొమ్మలు పెట్టారు, నేనూ పెట్టాను. ఆలోచన చాలా మంచిది, దీనికోసం కార్యవర్గం వాళ్ళు ఎన్ని ఫోన్లు చేశారో, ఎంత తిరిగారో నాకు తెలుసు. అయితే నాలుగో రోజు దగ్గర ఒక వరుస ఉంది. "తెల్లవారుజామున అగ్నిపర్వతం వద్ద సూర్యోదయం, 30 నిమిషాలు, గ్రూపు ఫోటో. అనంతరం షాపింగ్." నా పేచీ అంతా ఈ ఒక్క వరుస మీదే. ఫోన్లో ఒకరికి చెబితే ఒకరికే చేరుతుంది కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

నేననేది ఇదీ. మిగతా అయిదు రోజులూ బస్సులోనే తిరుగుదాం, ఇబ్బంది లేదు. కొండ మీదికి మాత్రం బస్సు వద్దు. ఎనిమిదేసి మందిమి ఒక చిన్న వ్యానులో, అక్కడి గైడుతో వెళదాం. రోజుకి రెండు జట్లు చొప్పున మూడు రోజుల్లో 48 మందీ వెళ్ళి రావచ్చు. మిగతావాళ్ళు ఆ రోజు వేరేవి చూస్తారు. అరగంట కాదు, ఆ రోజు మధ్యాహ్నం దాకా కొండకే ఇచ్చేయాలి. సూర్యుణ్ణి చూశాక, నడవగలిగినవాళ్ళు నడవాలి.

రెండేళ్ళ కిందట మా కుటుంబం, మా బావగారి కుటుంబం కలిపి ఏడుగురం మారిషస్ వెళ్ళి, అక్కణ్ణుంచి ముప్పావు గంట విమానంలో రీయూనియన్ వెళ్ళొచ్చాం. అందుకే ఇంత పట్టుబట్టి చెబుతున్నాను.

ముందు ఆ చోటెలాంటిదో చెప్పాలి. మనం డెల్టా మనుషులం. మనకి ఎత్తంటే ఏటిగట్టు, లేదా మన ఊళ్ళో ఈఫిల్ టవర్‌ని చూసి కట్టిన ఆ 100 మీటర్ల స్తంభం. అదీ లిఫ్టులో ఎక్కుతాం. రీయూనియన్ మొత్తం సముద్రంలోంచి లేచిన కొండ. పితోన్ దె నేజ్ అనే శిఖరం 3,070 మీటర్లు, హిందూ మహాసముద్రపు దీవుల్లో అంతకంటే ఎత్తైనది లేదు. అది చల్లారిపోయిన అగ్నిపర్వతం. చల్లారనిది ఇంకోటి ఉంది, పితోన్ ద లా ఫూర్నేజ్. ఫూర్నేజ్ అంటే కొలిమి. 2,632 మీటర్ల ఈ కొలిమి కొండ ప్రపంచంలో తరచుగా లావా కక్కే అగ్నిపర్వతాల్లో ఒకటి. 2007 ఏప్రిల్‌లో దాని పెద్ద నోటి అడుగు భాగం 300 మీటర్లకు పైగా కిందికి కుంగిపోయింది. మన స్తంభాలు మూడు ఒకదాని మీద ఒకటి నిలబెట్టినంత లోతు అన్నమాట.

మేం సెయింట్ పియర్‌లో దిగాం. తెల్లవారుజామున నాలుగున్నరకి వ్యాను వచ్చింది. మొదట చెరుకు తోటలు, తర్వాత చలి మొదలై పచ్చిక బయళ్ళు, ఆవులు. బూర్ మ్యురా అనే ఊరు దాటాక అడవి రోడ్డు. అది అయిపోగానే ప్లేన్ దె సాబ్ల్, అంటే ఇసక మైదానం. గడ్డిపోచ కూడా సరిగా లేని ఎర్ర నేల, నల్ల నేల. చీకట్లో వ్యాను దీపాల వెలుగులో అది చూసి మా మేనల్లుడు "మావయ్యా, మనం ఇంకా భూమ్మీదే ఉన్నామా?" అన్నాడు. ఆ మైదానం చివర పా ద బెల్‌కోంబ్, 2,311 మీటర్ల ఎత్తున ఒక అంచు. వాహనం అక్కడిదాకా వెళుతుంది. చూసే చోటు పార్కింగుకి నాలుగడుగులు. కింద లావా గడ్డకట్టిన పెద్ద గిన్నె, దాని మధ్యలో కొలిమి కొండ.

జులై నెల, వాళ్ళకి చలికాలం. ఏడు కావస్తుండగా కొండకి ఎడం పక్కగా సూర్యుడు వచ్చాడు. దాని గురించి ఎక్కువ రాయను, మీరే చూస్తారు. వెలుగు పడిన మొదటి పది నిమిషాల్లో ఆ గిన్నెలో రంగులు మారుతుంటే మా అత్తయ్యగారు చెంగు తల మీదికి లాక్కుని, దణ్ణం పెట్టుకుని, చాలాసేపు మాట్లాడలేదు. ఆవిడ అంతసేపు మాట్లాడకుండా ఉండటం మా ఇంట్లో ఒక చరిత్ర.

ఇప్పుడు 48 మందిమి అక్కడ దిగితే ఏమవుతుందో ఊహించండి. మొన్న వంజంగి మబ్బుల సముద్రం చూద్దామని పాడేరు వైపు 42 మందిమి ఒక బస్సులో వెళ్ళిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. నిర్వాహకుల పేరెందుకులెండి. మూడింటికి బయల్దేరాల్సిన బస్సు, ఒకరి స్వెట్టరు కోసం, ఒకరి బీపీ బిళ్ళ కోసం, ఇద్దరి బాత్రూము కోసం ఆగి నాలుగుంబావుకి కదిలింది. దారిలో టీ. కిటికీల్లోంచి సూర్యోదయం చూసుకున్నాం. తప్పు ఎవరిదీ కాదు, 42 మంది అంటే అంతే. ఒక్కొక్కరు రెండు నిమిషాలు ఆలస్యం చేస్తే 84 నిమిషాలు. సూర్యుడు మన కోరం కోసం ఆగడు.

రీయూనియన్‌లో ఆలస్యానికి ఖరీదు ఇంకా ఎక్కువ. అక్కడ కొండల మీద పొద్దున్న ఆకాశం తేటగా ఉంటుంది, తొమ్మిదీ పదీ అయ్యేసరికి సముద్రం మీంచి మబ్బు లేచి పైకి ఎక్కేస్తుంది. ఆ తర్వాత వెళ్ళినవాడికి తెల్ల గోడ కనబడుతుంది, అంతే. కొలిమి కొండ చుట్టూ నడిచేవాళ్ళకి దారి చూపించేది లావా రాళ్ళ మీద వేసిన తెల్ల రంగు గుర్తులే. పొగమంచు కమ్మితే ఒక గుర్తు నుంచి రెండో గుర్తు కనబడదు. అందుకే అక్కడివాళ్ళు చీకటితో వెళ్ళి, ఎండ ముదరకముందే వెనక్కి తిరుగుతారు.

నడక సంగతి. బెల్‌కోంబ్ అంచు నుంచి కిందికి అయిదు వందలకు పైగా మెట్లు దిగాలి. దిగాక ఫోర్మికా లియో అని ఒక చిన్న ఎర్రటి దిబ్బ, పుట్టలా ఉంటుంది. అక్కడిదాకా వెళ్ళి వచ్చినా నడిచినట్టే. ఓపికున్నవాళ్ళు లావా మీదుగా దొలొమ్యూ అనే ఆ పెద్ద నోటి అంచుదాకా వెళ్ళొచ్చు, రానూపోనూ అయిదారు గంటలు. నీడ లేదు, నీళ్ళు లేవు, కూర్చుంటే రాయి గుచ్చుకుంటుంది. అసలు పరీక్ష చివర్లో ఉంది. బాగా అలిసిపోయి తిరిగొచ్చాక ఆ అయిదు వందల మెట్లూ పైకి ఎక్కాలి. ఎనిమిది మందిలో ఒకరు మోకాలు పట్టుకుంటే గైడుకి తెలుస్తుంది, ఆగుతాడు. 48 మందిలో ముందున్నవాళ్ళు పోటీగా పరిగెడతారు, వెనకవాళ్ళు ఎవరికీ కనబడరు. గైడు మధ్యలో ఉండి అటూ ఇటూ కేకలు వేసుకోవాలి. నలభై మంది ఉంటే ధైర్యం అని ఒక మిత్రుడు గ్రూపులో రాశారు. నా లెక్కలో అది ధైర్యం కాదు, ఎవరో ఒకరు చూసుకుంటారులే అన్న నమ్మకం. కొండ మీద ఆ "ఎవరో ఒకరు" ఎప్పుడూ ఉండరు.

ఇంకోటి, కొండ లోపల కదలిక కనబడితే ప్రభుత్వం ఆ మెట్ల దగ్గర గేటు మూసేస్తుంది. ముందు రోజు సాయంత్రం దాకా తెరిచి ఉన్నది తెల్లారేసరికి మూసి ఉండొచ్చు. చిన్న జట్టయితే గైడు అప్పటికప్పుడు ఇంకో దారి చూపిస్తాడు, అంచు వెంబడి నడిచే బాటలు, ఇసక మైదానంలో బాటలు బోలెడున్నాయి. పెద్ద బస్సుకి అలా కుదరదు. ఫోటో తీసుకుని షాపింగుకే వెళ్ళాలి. ముసాయిదాలో ఆ వరుస అలా రావడానికి కారణం కూడా అదేనేమో అని నా అనుమానం.

ఇంతవరకూ చెప్పింది ఏ కొండకైనా వర్తిస్తుంది. ఇక మన యానాం వాళ్ళకి ప్రత్యేకమైన కారణం ఒకటుంది. నాకు అదే ముఖ్యం.

ఆ దీవి పాత పేరు బూర్బోన్. 1828లో ఫ్రెంచివాళ్ళు మన యానాం నుంచి తెలుగువాళ్ళని ఒప్పంద కూలీలుగా అక్కడికి ఓడెక్కించారు. వాళ్ళ కాగితాల్లో మనవాళ్ళ పేరు "తెలింగా". తర్వాత రెండు మూడేళ్ళలో ఆ సంఖ్య వేలల్లోకి వెళ్ళింది. అప్పటికి అక్కడ బానిసత్వం ఇంకా పోలేదు, 1848 డిసెంబరు 20న గానీ రద్దు కాలేదు. అంటే మనవాళ్ళు కాగితం మీద కూలీలు, చెరుకు తోటలో మాత్రం బానిసల పక్కన పని. చెప్పిన జీతం, చెప్పిన తిండి అందక గొడవలు పడ్డారు, చాలామంది తిరిగి వచ్చేశారు, ఆ మొదటి విడత అలా ముగిసింది. బానిసత్వం పోయాక మళ్ళీ మొదలైంది, పాండిచ్చేరి, కారైకాల్, మన రేవు. 1860 తర్వాత బ్రిటిషువాళ్ళ ఒప్పుకోలుతో వాళ్ళ ఇలాకాలోంచి కూడా. 1882లో బ్రిటిషు సర్కారు ఆపేసింది. అలా వెళ్ళినవాళ్ళ సంతానాన్ని ఇవాళ అక్కడ "మలబార్" అంటారు. తమిళులే ఎక్కువ, అయినా అందరూ తమిళులు కారు. అందరికీ కలిపి మలబారు అనే పేరు ఎందుకు తగిలించారో మరి, ఆ తీరం నుంచి వెళ్ళింది చాలా తక్కువ.

కొండల కథ వేరు. తోటల్లోంచి తప్పించుకున్న ఆఫ్రికా, మడగాస్కర్ బానిసలు లోపలి కొండల్లోకి పారిపోయి బతికారు. వాళ్ళని మారోన్లు అంటారు. వాళ్ళని వేటాడటానికి మనుషుల్ని పెట్టి డబ్బిచ్చేవాళ్ళు. మఫాత్ అనే లోయకి ఒక మారోను నాయకుడి పేరే ఉంది. ఇప్పటికీ ఆ లోయకి రోడ్డు లేదు, లోపల ఊళ్ళున్నాయి, మనుషులున్నారు, నడిచి వెళ్ళాలి లేదా హెలికాప్టరు. సిలావోస్ అనే ఊరి పేరుకి మడగాస్కర్ భాషలో "వదిలి వెళ్ళని చోటు" అని అర్థం చెబుతారు. ఎత్తు మీద నుంచి చూస్తే దీవి చుట్టూ అంచున చెరుకు పచ్చ, మధ్యలో కొండ. ఎవరు అంచున ఉండిపోయారో, ఎవరు మధ్యలోకి పారిపోయారో అక్కడ నిలబడితే అర్థమవుతుంది. చెరుకు తోట పక్కన బస్సు ఆపి మైకులో చెబితే అర్థం కాదు.

మా గైడుకి యాభై ఏళ్ళుంటాయి. తల్లి వైపు మలబార్. మాకొచ్చిన ఫ్రెంచి మా ముసలాళ్ళు నేర్పిన ముక్కలు, ఆయనకొచ్చిన ఇంగ్లీషు కూడా ముక్కలే, మొత్తానికి సరిపోయింది. ఫోర్మికా లియో దగ్గర కూర్చుని మేం పులిహోర పొట్లాలు విప్పితే, ఆయన తన డబ్బాలోంచి బొన్‌బొన్ పిమాన్ తీసి పెట్టాడు. పేరుకి మిఠాయిలా ఉంది గానీ అది మన మసాలా గారే, పచ్చిమిర్చితో సహా. మునగాకు కూర వాళ్ళ ఇంట్లో ఇప్పటికీ వండుతారట, "బ్రెడ్ మురుంగ్" అంటారు. తిండి సంగతులయ్యాక మేం ఏ ఊరివాళ్ళమో అడిగాడు. యానాం అన్నాం. ఆయనకి వినబడలేదు. "యనావోఁ" అని ఫ్రెంచిలో చెప్పాం. తింటున్నది ఆపేసి ఫోను తీశాడు.

పాత రిజిస్టరులో ఒక పేజీ ఫోటో. నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు, ఓడెక్కిన రేవు. రేవు దగ్గర యనావోఁ అని ఉంది. అది ఆయన తల్లి ముత్తాతది. ఊరి పేరు ఫ్రెంచి అక్షరాల్లో వంకరగా ఉంది. ఏడు తలకాయలూ ఆ చిన్న ఫోను మీద వంగాయి. పోలేకుర్రు అని నేను, కాదు పల్లిపాలెం అని బావగారు. ఇప్పటికీ తేలలేదు. ఆ మనిషి పేరు మాత్రం ఇట్టే చదివేశాం. ఆయన చిన్నప్పటినుంచీ ఆ పేరుని ఫ్రెంచి యాసలో పలుకుతున్నాడు, మన ఇళ్ళల్లో ఎలా పిలుస్తారో మా అత్తయ్యగారు పలికి చూపించారు. ఆయన తిరిగి అన్నాడు. మళ్ళీ అనిపించారు. మూడోసారికి సరిగ్గా వచ్చింది. ఆ పేరు ఇక్కడ రాయను, అది వాళ్ళింటి సంగతి.

ఇందులో మనం ఆలోచించాల్సిందొకటుంది. అలా వెళ్ళినవాళ్ళ సొంత పేరే తర్వాత పిల్లలకి ఇంటిపేరుగా రాసేశారు. అసలు ఇంటిపేరు ఓడలోనే పోయింది. పెళ్ళి సంబంధం వస్తే ముందు ఇంటిపేరు అడిగే మనకి ఇదేమిటో తెలియాలి. మనవాళ్ళని లెక్కపెట్టి, నంబరిచ్చి ఓడెక్కించారు. వాళ్ళ మనవలు ఆ నంబరు పట్టుకుని వెనక్కి వెతుక్కుంటున్నారు. వాళ్ళ ఎదురుగా మనం కూడా 48 తలకాయలుగా లెక్కపెట్టించుకుని దిగి, అరగంటలో ఎక్కితే, వాళ్ళు మనల్ని ఏమడుగుతారు? మనం వాళ్ళకి ఏం చెబుతాం? ఆ ఫోను బస్సులో బయటికొచ్చేది కాదు. గైడు మైకు పట్టుకుని ఎత్తు, లోతు చెప్పి, మనల్ని లెక్కపెట్టుకుని ఎక్కించేవాడు.

అభ్యంతరాలు వింటున్నాను. ఖర్చు. నిజమే, చిన్న వ్యాను, గైడు పెడితే తలకి ఎక్కువ పడుతుంది. నా సూచన, షాపింగు పూటని, చివరి రాత్రి ఖరీదైన హోటలు భోజనాన్ని తీసేయండి. లెక్క చాలావరకు సరిపోతుంది. సరిపోకపోతే, మోయలేనివాళ్ళకి సంఘం నిధిలోంచి సర్దాలి. మొన్న వేదిక అలంకరణకి పెట్టినదాంట్లో సగం చాలు. ఈ మాట కొందరికి నచ్చదని తెలుసు.

పెద్దవాళ్ళు. ఇది బరువైన అభ్యంతరం. మాస్టారు డెబ్భై ఆరేళ్ళ వయసులో ఈ యాత్రకి పేరిచ్చారు, ఆయన్ని వదిలేసే పద్ధతి ఏదీ నాకొద్దు. అందుకే బెల్‌కోంబ్ అంటున్నాను. సూర్యోదయం దాకా అందరూ ఒకే వ్యానులో వెళ్ళొచ్చు, నడవక్కర్లేదు. తర్వాత నడవలేనివాళ్ళు దగ్గర్లోనే ఉన్న బసలో వేడి కాఫీ తాగుతూ కూర్చోవచ్చు, లేదా అంచు మీద కాస్త తిరగొచ్చు. మా అత్తయ్యగారు మెట్లు సగం దిగి, "నాకు చాలు, మీరు వెళ్ళండి" అనలేదు, ఫోర్మికా లియో దాకా వచ్చేశారు. అది ఆవిడ ఇష్టం, ఆవిడ మోకాళ్ళు. ఎవరెంత దూరమో వాళ్ళే తేల్చుకునే వీలు చిన్న జట్టులోనే ఉంటుంది. ఇంకా సులువు కావాలంటే పడమటి వైపు మైదో ఉంది, 2,200 మీటర్ల దాకా రోడ్డే, దిగి నిలబడితే మఫాత్ లోయ మొత్తం కనబడుతుంది. అక్కడికీ పొద్దున్నే వెళ్ళాలి.

కుర్రాళ్ళలో ఇద్దరు పితోన్ దె నేజ్ ఎక్కుతామంటున్నారు. అది వేరే లెక్క నాయనా. సిలావోస్ దగ్గర 1,380 మీటర్ల నుంచి మొదలై రాత్రి బసలో పడుకుని, మూడింటికి లేచి శిఖరం చేరాలి. చలికాలంలో పైన గడ్డకట్టే చలి. ఈసారికి కొలిమి కొండ చూడండి.

అందరం కలిసి వెళ్ళకపోతే సంఘం యాత్ర ఎలా అవుతుందన్నారు అధ్యక్షులవారు. అండీ, కలిసి ఉండటానికి మనకి అయిదు సాయంత్రాలున్నాయి. మూడు రోజులూ ఆరు జట్లూ వచ్చి రాత్రి భోజనాల దగ్గర చెప్పుకునే కబుర్లు, ఒకే బస్సులో ఒకే కిటికీలోంచి చూసిన 48 మందికి ఉండవు. ఒక జట్టుకి మబ్బు అడ్డొస్తుంది, ఒక జట్టుకి గేటు మూస్తారు, ఒక జట్టుకి మాకు దొరికినట్టు ఒక గైడు దొరుకుతాడు.

కార్యవర్గానికి కొన్ని పనులు చెబుతాను. వ్యాను తొమ్మిది సీట్లది చూడండి, డ్రైవరుతో కలిపి తొమ్మిది దాటితే ఫ్రాన్సులో లైసెన్సు మారిపోతుంది. డ్రైవరుగా వచ్చేవారే గైడయితే మరీ మంచిది, కొండ గైడులకి అక్కడ ప్రభుత్వ డిప్లొమా ఉంటుంది, అది ఉందో లేదో అడగండి. రీయూనియన్ ఫ్రాన్సులో భాగమే అయినా షెంగెన్ పరిధిలో లేదు, వీసా సంగతి విడిగా కనుక్కోవాలి. మనలో ఫ్రెంచి పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకి ఈ బాధ లేదు, అదృష్టవంతులు. అది జాతీయ ఉద్యానం, 2010 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది. పులిహోర పొట్లాల ఆకులు, కాగితాలు సంచీలో వెనక్కి తెచ్చుకోవాలి. లావా రాయి జేబులో వేసుకురావద్దు, పూజ గదికైనా సరే. ఇంకో పూట గ్రాండ్ షలూప్‌కి ఇవ్వండి, ఓడ దిగిన కూలీలని జబ్బులేమైనా ఉన్నాయేమోనని ఆపి ఉంచిన చోటు అది, కట్టడాలు ఇంకా ఉన్నాయి. షాపింగు పూట ఎటూ తీసేశాం కదా.

సభ్యులకి: చెప్పులు, పట్టు చీర అంచులు పనికిరావు. పట్టున్న బూట్లు, మూడు పొరల బట్టలు, మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, టోపీ. తెల్లవారుజామున చలికి వణికి, పదింటికి ఎండకి మాడతారు, రెంటికీ సిద్ధంగా ఉండాలి. ఇంట్లో పాత రసీదులు, ఫ్రెంచి కాలం నాటి కాగితాలు, ఓడెక్కి వెళ్ళి తిరిగిరాని తాతల కథలు ఏమైనా ఉంటే ఫోన్లో ఫోటో తీసి వెంట తెచ్చుకోండి. అక్కడ అడిగేవాళ్ళున్నారు.

ఆదివారం సమావేశంలో ఈ తీర్మానం పెడతాను. బలపరిచేవాళ్ళు ఇక్కడే కింద పేరు రాయండి, వ్యతిరేకించేవాళ్ళు కూడా కారణంతో రాయండి, చప్పట్ల బొమ్మలు వద్దు. రేపటినుంచి పొద్దున్న అయిదున్నరకి రాజీవ్ బీచి దగ్గర నడక మొదలుపెడుతున్నాం. మాస్టారు వస్తానన్నారు.